నోటుపుస్తకం ముందు పేజీల్లో వాక్యం, వెనుక పేజీల్లో తమ్ముడి లెక్క

ప్రశ్న

అందరికీ వందనాలు. కొంతకాలంగా నా మనసును తొలుస్తున్న ఒక సంగతిని మీ ముందు పెడుతున్నాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపికతో చదవమని మనవి.

పదకొండేళ్లుగా నేను ప్రతి ఉదయం బైబిలులో ఒక అధ్యాయం చదివి, అందులో నాకు తోచిన పాఠాన్ని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. దీనివల్ల వాక్యం బాగా తెలిసిందన్న మాట నిజమే గాని, నా నడత మారిందా అని ఎవరైనా అడిగితే మాత్రం గట్టిగా అవునని చెప్పలేను. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో, అద్దంలో తన ముఖం చూసుకుని, అవతలికి వెళ్లగానే తాను ఎలాంటివాడో మరచిపోయే మనిషి ఒకడు కనిపిస్తాడు. ఆ మాటలు చదివినప్పుడల్లా అవి నా గురించే రాసినట్టుంటుంది.

మా అమ్మ మంచం పట్టి రెండేళ్లు దాటింది. ఆమెకు ఒళ్లు తుడవడం, వేళకు మందులు వేయడం, ఒకే వైపు పడుకుంటే వీపు పుండు పడుతుందని రాత్రి రెండుసార్లు లేచి పక్కకు తిప్పడం, ఇవన్నీ నేనూ నా భార్యా చూసుకుంటున్నాం. గంటన్నర ప్రయాణ దూరంలో ఉండే మా తమ్ముడు నెలకు ఒకసారి వచ్చి, అరగంట కూర్చుని, గడియారం చూసుకుని వెళ్లిపోతాడు.

గత వారం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం చదివి, ప్రేమ 'అపకారమును మనస్సులో ఉంచుకొనదు' అన్న మాటను పుస్తకంలో రాసుకుని, దాని కింద రెండు గీతలు కూడా గీశాను. అదే రోజు మధ్యాహ్నం ఆ పుస్తకాన్నే తిరగేసి, వెనుక నుంచి తెరిచి, తేదీ వేసి, 'ఈ ఆదివారమూ రాలేదు, ఫోను కూడా లేదు' అని రాశాను. కలానికి మూత పెడుతుండగా, నేను రాస్తున్నది ఏ పుస్తకంలోనో అప్పుడు గమనించాను. వెనుక వైపు 14 పేజీలు నిండిపోయాయి. తేదీలు, ఖర్చులు, అతడు చెప్పిన సాకులు, నేను పైకి అనకుండా మింగేసిన మాటలు, అన్నీ వరుసగా ఉన్నాయి. చేతిరాత మాత్రం ముందు పేజీల్లోకన్నా అక్కడే శ్రద్ధగా ఉంది.

ఆ పేజీలు చింపేస్తే సరిపోతుందా? క్షమించడమంటే ఏమీ జరగనట్టు ఊరుకోవడమేనా? చదివిన పాఠం చేతల్లోకి దిగడానికి మీ జీవితంలో ఏది పనికి వచ్చిందో చెప్పండి. ప్రార్థన చేయమనే సలహాను నేను తక్కువ చేయడం లేదు, ఆ పని చేస్తూనే ఉన్నాను.

జవాబు 1

మీరు రాసింది చదువుతుంటే లూకా సువార్త 15వ అధ్యాయంలో, ఆస్తి పోగొట్టుకుని తిరిగి వచ్చిన తమ్ముడికి తండ్రి విందు చేస్తే అలిగిన పెద్ద కుమారుడు నా కళ్ల ముందు నిలిచాడు. తప్పిపోయిన కుమారుని ఉపమానమని మనం పిలుచుకోవడం వల్ల చూపంతా చిన్నవాడి మీదే నిలుస్తుంది గాని, ఆ ఇంట్లో లెక్క రాసుకున్నవాడు పెద్దవాడు. 'ఇదిగో యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే' అంటూ చాకిరీ చేసిన ఏళ్లను, తనకు దక్కని మేకపిల్లను, తమ్ముడు తగలేసిన ఆస్తిని అతడు ఒక్క గుక్కలో తండ్రికి అప్పజెప్పాడు. ఆ లెక్క చాలావరకు నిజమే. కానీ అందులో ఒక పద్దు అతడు సొంతంగా చేర్చాడని గమనించారా? చిన్నవాడు ఆస్తిని దుర్వ్యాపారం వల్ల పాడుచేశాడని మాత్రమే కథలో అంతకుముందు ఉంది, వేశ్యల మాట తెచ్చినవాడు ఈ అన్న. దూరదేశంలో ఏం జరిగిందో అతడు చూడలేదు. లెక్క రాసే చేతికి, చూడని సంగతులను కూడా చూసినట్టే రాయడం అలవాటైపోతుందని నాకు ఆ వచనం దగ్గరే అర్థమైంది.

ఇంకొక సంగతి కూడా అక్కడే ఉంది. పెద్దవాడు తండ్రితో 'యీ నీ కుమారుడు' అంటాడు గాని తమ్ముడు అనడు. తండ్రి ఆ మాటను సరిదిద్దినట్టుగా 'ఈ నీ తమ్ముడు' అని బదులిస్తాడు. మీ 14 పేజీల్లో తమ్ముడు అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో ఒకసారి చూడండి.

నేనైతే పుస్తకంలో ఏమీ రాయలేదు, రాయవలసిన అవసరమూ రాలేదు, ఎందుకంటే మా అక్క అన్న ప్రతి మాటా నాకు తేదీతో సహా కంఠతా వచ్చు. ఐదేళ్లు మా మధ్య మాటలు లేవు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము' అని ప్రతి వారం అందరితో కలిసి గబగబా చెప్పేదాన్ని. ఒక రోజు ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఆ ప్రార్థన నిదానంగా చెబుతుంటే, ఋణస్థులు అన్న మాట దగ్గర గొంతు ఆగిపోయింది. పాపాలు అనలేదు, అప్పులు అన్నాడు ప్రభువు. అక్క నాకు బాకీ ఉందని నేను పట్టుకు కూర్చున్నానని, ఆ బాకీ ఆమె ఏ రూపంలో తీర్చినా నాకు సరిపోదని ఆ పూట తెలిసింది. మరునాడు ఆమెకు ఫోను చేశాను.

కాబట్టి నా మాటగా చెప్పాలంటే, ఆ పేజీలు చింపేయండి. రేపటికి వాయిదా వేయకుండా ఈ సాయంత్రమే చింపండి, ఎందుకంటే సూర్యుడు అస్తమించే వరకు కోపం నిలిచి ఉండకూడదని ఎఫెసీయులకు రాసిన పత్రికలో గడువు కూడా చెప్పి ఉంది.

జవాబు 2

పై జవాబు రాసిన అమ్మగారి మీద నాకు గౌరవం ఉంది, అయినా ఆ సలహాతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. పేజీలు చింపినంత మాత్రాన అన్నగారి తల్లిని రాత్రి పక్కకు తిప్పేవారు ఇద్దరి నుంచి ముగ్గురు కారు. మూడు నెలల తర్వాత అన్నగారు మరో పుస్తకం తెరుస్తారు.

మత్తయి 18వ అధ్యాయంలో, రాజు తన బాకీని క్షమించినా తోటి దాసుడి బాకీని క్షమించని దాసుడి ఉపమానాన్ని మనం తొందరగా చదివేస్తాం. రాజుకు ఆ దాసుడు పడిన బాకీ 10,000 తలాంతులు, తోటి దాసుడు అతనికి పడినది 100 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి అని అదే సువార్త 20వ అధ్యాయంలో ఉంది. ఒక తలాంతు దాదాపు 6,000 దేనారాలు కనుక, మొదటి బాకీ ఆరు కోట్ల రోజుల కూలి, ఏ మనిషీ తీర్చలేనిది. ప్రసంగాల్లో ఇంతవరకు చెబుతారు. చెప్పనిది ఏమిటంటే, రెండో బాకీ వంద రోజుల కూలి. అది చిల్లర కాదు. మూడు నెలలకు పైగా ఒళ్లు వంచి సంపాదించినది పోతే ఎవరికైనా నొప్పి పుడుతుంది. ఆ నొప్పి ఉత్తదని ప్రభువు ఎక్కడా అనలేదు. మీరు పడుతున్న కష్టం కూడా నిజమైనదే, దాన్ని లేనట్టు చూపించుకోవడం క్షమాపణ కాదు.

లేవీయకాండము 19వ అధ్యాయం చూడండి. 'నిన్ను వలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను' అన్న 18వ వచనం అందరికీ తెలుసు. దాని ముందున్న 17వ వచనంలో, సహోదరుని మీద హృదయంలో పగ పెట్టుకోకూడదని, అతనిని తప్పక గద్దించాలని కలిపి ఆజ్ఞాపించబడింది. అంటే నోరు విప్పి చెప్పకపోతే ఆ సంగతి లోపలికి పోయి పగ అవుతుందని ధర్మశాస్త్రానికి తెలుసు. ప్రభువు కూడా, నీ సహోదరుడు తప్పు చేస్తే నీవు వెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు అతనికి చెప్పమన్నాడు. మీరు ఆ తప్పును పుస్తకానికి చెప్పారు, బహుశా ఇంట్లో చెప్పారు, ఇప్పుడు మాకు చెప్పారు. తమ్ముడికి చెప్పారా?

మా నాన్నగారి చివరి ఏడాది నాకూ ఇదే జరిగింది. నేను చేసిన పని ఒక్కటే. మా చెల్లెలి తప్పుల జాబితా పక్కన పెట్టి, నాన్నకు ఒక వారంలో జరగవలసిన పనుల జాబితా రాశాను. ఉదయం ఆరింటికి మాత్ర, ఎనిమిదింటికి పక్కబట్టలు మార్చడం, ఇలా అన్నీ రాస్తే 40కి పైగా పనులు తేలాయి. ఆ కాగితం ఆమె చేతిలో పెట్టి, ఇందులో నీ వల్ల అయ్యేవి గుర్తు పెట్టమన్నాను. ఆమె చాలాసేపు ఆ కాగితం వైపు చూసి, ఇన్ని ఉంటాయని తనకు తెలియదన్నది. నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే న్యాయం తీర్చడం చూసి, అతని మామ యిత్రో 'ఈ పని నీకు మిక్కిలి భారము' అంటాడు. ఒక్కడివే చేయలేవని చెప్పి, వెయ్యి మందికి ఒకరిని, వందకు ఒకరిని, యాభైకి ఒకరిని, పది మందికి ఒకరిని నియమించమంటాడు. మోషే అంతటివాడే మామ మాట విని పని పంచాడు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ఇద్దరికీ కృతజ్ఞతలు. పుస్తకం తీసి చూశాను. 14 పేజీల్లో తమ్ముడు అన్న మాట ఒక్కచోట ఉంది, అది కూడా మొదటి పేజీలో. మిగతా అంతటా 'వాడు' అనే రాశాను.

రెండో జవాబులోని ప్రశ్నకు నిజం చెప్పాలి. నేను ఎన్నడూ నేరుగా అడగలేదు. వచ్చినప్పుడల్లా అమ్మ పరిస్థితి చెబుతూ, నిన్న రాత్రి మాకు కంటి మీద కునుకు లేదని, నడుము పట్టేసిందని అనేవాడిని. అతడే అర్థం చేసుకుని ముందుకు వస్తాడని ఎదురుచూశాను. కన్నతల్లి విషయంలో ఒకరు అడగాలా అన్నది ఇప్పటికీ నా మనసులో ఉన్న మాట. స్వంత ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని పౌలు తిమోతికి రాయలేదా? ఆ వచనం కూడా వెనుక పేజీల్లో ఉంది. దాన్ని ముందు వైపు కాకుండా వెనుక వైపు ఎందుకు రాశానో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

జవాబు 3

అన్నగారూ, నేను మీ తమ్ముడి స్థానంలో ఉండి వచ్చినవాడిని, కనుక అటు నుంచి రాస్తున్నాను. ఇది నా తప్పును కప్పిపుచ్చుకోవడానికి కాదు.

మా అమ్మను మా అన్నయ్య, వదిన చూసుకున్నారు. నేను సంఘంలో యువకులకు వాక్యం బోధించేవాడిని, శనివారం సిద్ధపాటు, ఆదివారం ఆరాధన, మధ్యలో గృహ కూటాలు. అన్నయ్య ఎప్పుడు రమ్మన్నా దేవుని పని ఉందని చెప్పేవాడిని, చెప్పిన తర్వాత నా మనస్సాక్షి హాయిగా ఉండేది. ఒక శనివారం మార్కు సువార్త 7వ అధ్యాయం బోధించడానికి కూర్చుని కొర్బాను అన్న మాట దగ్గరకు వచ్చాను. తల్లిదండ్రులకు సహాయంగా వెళ్లవలసిన దాన్ని దేవునికి అర్పించేశామని చెప్పి, ఆ పేరుతో వారికి ఏమీ చేయకుండా తప్పించుకునేవారిని ప్రభువు అక్కడ నిలదీస్తాడు. నా శనివారాలే నా కొర్బాను. అరగంట సేపు పుస్తకం మూసుకుని అలాగే కూర్చున్నాను. ఆ పాఠం మర్నాడు బోధించలేదు, అమ్మ దగ్గరకు వెళ్లాను.

కానీ నేను రాకపోవడానికి అది సగం కారణమే. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచేటప్పటికే వదిన ముఖంలో నాకు లెక్క కనిపించేది. అన్నయ్య పైకి ఏమీ అనేవాడు కాదు, నిద్ర లేదని, నడుము నొప్పి అని అనేవాడు. ఆ ప్రతి మాటా నా మీద వేసిన పద్దులాగే వినిపించేది. ఒకసారి అమ్మను పక్కకు తిప్పబోతే, అలా కాదు, నీకు తెలియదులే అని అన్నయ్య నా చేయి తీసేశాడు. ఆయన అలసటలో అన్న మాట అది. ఆ తర్వాత నేను ఆ మంచానికి కాస్త దూరంగా కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. సిగ్గుపడిన మనిషి గడియారం చూస్తాడు. చేయవలసింది చేయలేదన్న సిగ్గు ఎంత పెరిగితే రావడం అంత కష్టమవుతుంది, రాకపోతే సిగ్గు ఇంకా పెరుగుతుంది.

మీ తమ్ముడి మనసులో కూడా ఇదే ఉందని నేను చెప్పలేను. అయితే మీరు వచనం వెనుక వైపు రాశానన్నారు చూడండి, ఆ వచనం నాకు ఎవరైనా చూపిస్తే నేను మరో ఆరు నెలలు వచ్చేవాడిని కాదు. అన్నయ్య ఒక రోజు ఫోను చేసి, గురువారం రాత్రి నువ్వు అమ్మ దగ్గర పడుకోగలవా, నేను ఒక్క రాత్రి పూర్తిగా నిద్రపోవాలి అన్నాడు. ఆ ఒక్క వాక్యంలో ఆరోపణ లేదు, అవసరం ఉంది. దానికి కాదని చెప్పడం నా వల్ల కాలేదు.

జవాబు 4

మూడో జవాబు నన్ను కదిలించింది. అయినా ఒక జాగ్రత్త చెప్పాలి. అడిగినా రాని తోబుట్టువులు ఉంటారు, నాకు ఉన్నారు. 'శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి' అని రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో పౌలు రాశాడు. మన వంతు ఎక్కడి దాకానో ఆ 'శక్యమైతే' చెబుతుంది. మన వాడుకలో సమాధానం అంటే జవాబు, బైబిలులో సమాధానం అంటే శాంతి. అన్నగారు తమ్ముడి నుంచి మొదటిది రాబట్టాలని చూస్తున్నారేమో, ముందుగా రెండోదాన్ని తన వైపు నుంచి ఇవ్వవలసి ఉంటుంది.

అన్నలు అమ్మేస్తే ఐగుప్తుకు చేరి అక్కడ అధికారి అయిన యోసేపు కథ కూడా ఇక్కడ పనికి వస్తుంది. తన పెద్ద కుమారుడు పుట్టినప్పుడు, దేవుడు నా బాధనంతటినీ, నా తండ్రి యింటివారినందరినీ మరచిపోయేలా చేశాడని చెప్పి మనష్షే అని పేరు పెట్టాడు. తర్వాత ధాన్యం కోసం వచ్చిన అన్నలు తనకు చేసిన తప్పు గురించి తమలో తాము మాట్లాడుకోవడం విని పక్కకు వెళ్లి ఏడ్చాడు. మరచిపోయానని పేరు పెట్టినంత మాత్రాన మనసు మరచిపోదు. వారిని వెంటనే కౌగిలించుకోలేదు కూడా. ఒకప్పుడు తనను అమ్మేద్దామన్న యూదాయే, తమ్ముడు బెన్యామీనుకు బదులుగా తాను దాసుడిగా ఉంటానని ముందుకు వచ్చేదాకా ఆగాడు. మనసులో పగ వదిలేయడం ఒక రోజు పని కావచ్చు, నమ్మకం తిరిగి కట్టుకోవడానికి కాలం పడుతుంది. కాబట్టి మొదటి వారమే తమ్ముడు మారిపోవాలని ఎదురుచూడకండి.

చదివింది చేతల్లోకి రావడం గురించి అడిగారు కదా. నాకు పనికి వచ్చినది చాలా చిన్నది. నేను పాఠం రాసుకోవడం మానేసి, ఆ రోజు ఆ వాక్యాన్ని బట్టి ఎవరి దగ్గరకు వెళ్లాలో ఆ మనిషి పేరు రాసుకుంటాను. కొన్ని రోజులు ఏ పేరూ తోచదు, పేజీ ఖాళీగా ఉంచుతాను. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో 'ఒకని భారముల నొకడు భరించి' అని రెండో వచనంలోను, 'ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెను గదా' అని ఐదో వచనంలోను ఉంది. ఏది పంచుకోవలసిన భారమో, ఏది నా బరువో, పేరు రాసుకున్న రోజునే నాకు తేలుతుంది.

ప్రశ్న అడిగిన వ్యక్తి

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. మూడో జవాబు రాసిన తమ్ముడికి ముందుగా వందనాలు. మీరు చెప్పిన ఆ చేయి తీసేయడం నేనూ చేశాను. అమ్మకు నీళ్లు పట్టబోతే, పొర పోతుంది, నీకు చేతకాదని గ్లాసు లాక్కున్నాను. అది నా పుస్తకంలో లేదు. 14 పేజీల్లో అతడి వైపువే ఉన్నాయి.

నిన్న రాత్రి ఫోను చేశాను. బుధ, శనివారాల రాత్రులు అమ్మ దగ్గర ఉండగలవా, నాకు ఒంట్లో ఓపిక అయిపోతోంది అని మాత్రమే అన్నాను. వేరే మాట నోటిదాకా వచ్చింది గాని ఆపుకున్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. శనివారం కుదరదన్నాడు. నా లోపల పాత లెక్క వెంటనే లేచి కూర్చుంది, అది దాచను. ఇంకొంచెం ఆగి, బుధవారం వస్తానని, అమ్మకు రాత్రి మందులు ఏ వేళకు వేయాలో, పక్కకు ఎలా తిప్పాలో తనకు తెలియదని, రాసి పంపమని అడిగాడు.

పేజీలు ఇంకా చింపలేదు. ప్రస్తుతం వేరే కాగితం మీద మందుల వేళలు రాస్తున్నాను. తొమ్మిదింటి మాత్ర సగం విరిచి వేయాలి, పదకొండింటికి ఎడమ వైపు తిప్పి వీపు వెనుక దిండు పెట్టాలి, నీళ్లు గ్లాసుతో కాకుండా చెంచాతో పట్టాలి, తల కొంచెం పైకి ఎత్తి ఉంచాలి. మింగిందో లేదో గొంతు చూసి తెలుసుకోవచ్చు. అది రాసి చెప్పడం కుదరడం లేదు, బుధవారం అతడు వచ్చాక పక్కన కూర్చుని చూపిస్తాను.